మేడ తలుపు తాళంచెవి

మేస్త్రీ తన తాపీ కడుక్కుని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాక, మా డాబా మీద నాలుగు మూలలా ఇనప ఊచలు మాత్రం మిగిలాయి. తుప్పు పట్టకుండా అల్లుడు వాటికి ప్లాస్టిక్ సంచులు తొడిగి దారంతో కట్టాడు. గాలి వేసినప్పుడల్లా అవి పటపటమంటాయి. ఆ చప్పుడు వింటే నాకు ఎవరో కోర్టు మనిషి వచ్చి తలుపు తడుతున్నట్టే ఉంటుంది.

పని ఎందుకు ఆగిందో వీధంతటికీ తెలుసు. పైన ఒక అంతస్తు వేసుకోవచ్చన్న ఆశతోనే ఈ ఇల్లు కొన్నాం. కింద నేను, పైన మా అమ్మాయి బుల్లీ, అల్లుడూ. నేను నా రెండు గదుల ఫ్లాటు అమ్మేసి ఇందులో పెట్టాను. అల్లుడు కంపెనీలో అప్పు తీసుకున్నాడు. తీరా ఊచలు లేచిన రోజే వెనక సందు ఇంట్లోంచి రఫూ ఆవిడ కిటికీ తెరిచి, "పని ఆపండి బాబూ" అంది. చిరిగిన శాలువాలు, కోట్లు చిరుగు కనబడకుండా పోగుపోగూ అల్లి అతికించే పని ఆవిడది. ఆ పనికి పగటి వెలుతురు కావాలి. ఆవిడ తండ్రి ఎప్పుడో ఈ ఇంటి పాత యజమానికి డబ్బిచ్చి, దీని మీద ఇంకో అంతస్తు ఎన్నటికీ లేవకూడదని రిజిస్టరు చేయించుకున్నాడట. ఇల్లు ఎవరి చేతికి మారినా ఆ షరతు ఇంటితో పాటే వస్తుందట. మాకు అమ్మిన డ్రైవింగ్ మాస్టారు ఆ సంగతి నాతో ఒక్క ముక్క కూడా అనలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

ముగ్గురం లాయరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

"కొనేముందు రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించలేదా?"

"వెతికించామండీ" అంది బుల్లి. ఆ పనులన్నీ తనే చూసుకుంది. నాకూ అల్లుడికీ పగలంతా డ్యూటీలు, తనకి స్కానింగ్ సెంటరులో ఒంటిపూట పనే. నేను ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. "ఏమీ లేదన్నారు. అక్కడి గుమాస్తా సరిగ్గా చూసుండడు."

"అది వేరే తలనొప్పి. అవతలివాళ్ళు దాన్నే పట్టుకుంటారు. కానీ ఆస్తికి ఉన్న షరతు తెలిసి కూడా దాచి అమ్మితే తప్పు అమ్మినవాడిదే. అప్పుడు మీకు రెండు దారులు. అమ్మకం రద్దు చేయించుకుని డబ్బు, ఖర్చులు వెనక్కి తీసుకోవచ్చు. లేదా ఇల్లు ఉంచుకుని, తగ్గిన విలువకు నష్టపరిహారం అడగొచ్చు. ఏదో ఒకటి త్వరగా తేల్చుకోండి. విషయం తెలిశాక కూడా పని మొదలుపెడితే, అలాగే ఒప్పుకున్నట్టు లెక్క."

"ఒక్క ఇటుక కూడా పెట్టం" అన్నాడు అల్లుడు.

"అసలు సంగతి ఇంకొకటుంది." లాయరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. "కొనేముందే మీలో ఎవరికైనా తెలిసుంటే, తెలిసీ సంతకాలు పెట్టుంటే, ఈ రెండు దారులూ మూసుకుపోతాయి. మోసపోయామని చెప్పుకునే వీలుండదు. మా ఇంట్లో ఎవరికీ ముందుగా తెలియదని ప్రమాణం చేసి రాసివ్వాలి. ఇల్లు ముగ్గురి పేర్న ఉంది కాబట్టి ముగ్గురూ సంతకం చెయ్యాలి. రేపు పొద్దున రండి."

నాకు ఆ క్షణాన ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. నాకు తెలియనిది ప్రమాణం చేసి తెలియదనడానికి భయమేమిటి? అయినా నా బుద్ధి నాకు తెలుసు. వీధి మలుపు తిరిగేసరికి ఆ ధైర్యం కాస్తా కారిపోయింది. మాస్టారు వచ్చి, ముందే చెప్పానంటే? సాక్షిని తెచ్చుకుంటే? లాయరమ్మకి జబ్బు చేస్తే? ఒక్కసారి ఆ మనిషి మొహం చూసి, దాచింది నిజమేనని తెలుసుకుంటే తప్ప ఈ చేత్తో సంతకం పెట్టలేననిపించింది.

అందుకే మర్నాటిదాకా ఆగకుండా, ఆ మధ్యాహ్నమే లాండ్రీలో నాతో పనిచేసే ఆవిడ ఫోన్లోంచి డ్రైవింగ్ స్కూలుకి ఫోన్ చేసి, వేరే పేరు చెప్పి ఒక క్లాసు బుక్ చేసుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

డ్రైవింగ్ నేర్పే ఆటస్థలం గేటు దగ్గర తెల్లకారు ఆగి ఉంది. నెత్తిన ఎర్రరంగు బోర్డు. నేను డ్రైవరు సీట్లో ఎక్కి తలుపు వేసుకున్నాక గానీ మాస్టారు తలెత్తి చూడలేదు. చూసి, నోట్లో పిప్పరమెంటు బిళ్ళ అటు నుంచి ఇటు మార్చుకున్నాడు.

"మీరా పెద్దమ్మా."

"క్లాసు బుక్ చేశాను. నేర్పించండి."

ఆయన గట్టిగా నిట్టూర్చాడు. దిగిపోతాడేమో అనుకున్నాను. దిగలేదు. అలవాటైన గొంతుతో, "సీటు ముందుకు జరుపుకోండి. కాళ్ళు అందాలి" అన్నాడు.

"అందకపోతే ఏమవుతుంది?"

"బండి ఆగదు."

"మరి ఎవరాపుతారు?"

"నా వైపు కూడా బ్రేకుంది. మీరు భయపడకండి."

"నన్ను భయపడొద్దన్న వాళ్ళందరూ తర్వాత నన్నే ఏడిపించారు" అన్నాను.

బండి కదిలింది. కదిలిందనడం కంటే ఎక్కిళ్ళు పెట్టిందనడం సబబు. స్టీరింగు పట్టుకున్న చేతులు జారిపోతున్నాయి. ఆడుకునే పిల్లలు మమ్మల్ని చూసి వాళ్ళంతట వాళ్ళే గట్టు మీదికి ఎక్కేశారు. నేను మైదానం చుట్టూ మొదటి గేరులోనే తిప్పుతూ అడిగాను.

"పై అంతస్తు వెయ్యకూడదని మాకెందుకు చెప్పలేదు?"

"రోడ్డు మీద చూపుంచండి."

"రోడ్డెక్కడుంది, అంతా మట్టే. చెప్పేదాకా ఇలాగే తిప్పుతుంటాను. నాకు ఎలాగూ ఆపడం రాదు."

మాస్టారు తన వైపు బ్రేకు నొక్కాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా గాజుల చప్పుడు నాకే వినిపించింది.

"పెద్దమ్మా, మీ వయసుకి గౌరవం ఇచ్చి చెబుతున్నాను. నేను దాచలేదు."

"మేడ మీదికి ఎందుకు ఎక్కనివ్వలేదు మరి? ఎక్కుంటే ఆ కిటికీ మేమే చూసేవాళ్ళం. తాళంచెవి పోయిందన్నారు."

"పోయిందని నేనెప్పుడన్నాను?"

ఇల్లు చూసిన రోజు అందరం హాల్లో నిలబడి ఉన్నాం. మెట్ల పైన తలుపుకి తాళం వేసి ఉంది. "చెవి పోయిందట" అని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు.

"నేనే పైకి తీసుకెళ్ళి కిటికీ చూపించాను" అన్నాడు మాస్టారు. "ఇదిగో ఇలా షరతుంది, దీని మీద అంతస్తు లేవదు, ఇష్టమైతేనే కొనుక్కోండి అన్నాను. దానికే ధర తగ్గించాను. లేకపోతే మీరిచ్చిన ధరకి ఆ వీధిలో వంటిల్లు కూడా రాదు."

ధర తగ్గిందని మేమెంత సంబరపడ్డామో గుర్తొచ్చింది. "ఎవరికి చెప్పారు?"

ఆయన అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు.

"మీ ఇంటి మనిషికే."

"పేరు చెప్పండి."

"చెబితే మీ ఇంట్లో పొయ్యి వెలగదు. ఫోన్ ఎత్తకపోవడానికి కూడా అదే కారణం. నాలుగు రోజులు ఎత్తొద్దు, నేను సర్దుకుంటానని అడిగారు. రేపు మీరు లాయరు నోటీసు పంపిస్తారు. కోర్టులో అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను. మీ మొహం చూసి మాత్రం చెప్పలేను." కారు తలుపు తెరుస్తూ అన్నాడు. "తాళంచెవి ఆ రోజే ఇచ్చేశాను. అది ఎవరి దగ్గరుందో చూసుకోండి."

తనే సీటు మారి నన్ను బస్టాపు దగ్గర దింపాడు. దిగుతుంటే, "క్లచ్ బాగానే పట్టారు" అన్నాడు. అంత బాధలోనూ ఆ మాటకి ఒక క్షణం పొంగిపోయాను, సిగ్గు లేకపోతే సరి.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను ఎవరిని అనుమానించానో వేరే చెప్పాలా? అల్లుడు. ఎంత మంచివాడైనా పరాయింటి బిడ్డేగా. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు. ఏ లిఫ్టు గదికి ఏ చెవో తనకి తప్ప ఇంకొకరికి అంతుపట్టని ఇంత లావు గుత్తి నడుముకి వేలాడదీసుకు తిరుగుతాడు. నా ఫ్లాటు అమ్మించడానికి ఇదంతా చేశాడా? రేపు ఇల్లు తన పేర్న రాయించుకుంటాడా? బుల్లి బట్టల మూటతో నా దగ్గరికి వస్తుంది. రావడానికి నాకు ఇల్లేది? ఇద్దరం ఆస్పత్రి లాండ్రీలో మాసిన దుప్పట్ల మీద పడుకుంటాం. నా స్టాపు దాటి రెండు స్టాపులు వెళ్ళిపోయాక గానీ బస్సు దిగలేదు.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. అల్లుడి సైకిలు లేదు. మేస్త్రీ వదిలేసిన సెంట్రింగు చెక్కలు తిరిగిచ్చి వస్తానని పొద్దున్నే అన్నాడు. గుత్తి మాత్రం తలుపు వెనక మేకుకి వేలాడుతోంది.

దాన్ని తీసుకుని మెట్లెక్కాను. పైన చెక్క తలుపు, దానికి ఇత్తడి తాళం. దీన్ని పగలగొట్టేద్దామని అల్లుడు రెండు మూడు సార్లు అన్నాడు. ప్రతిసారీ బుల్లి, "మంచి తాళం, ఎందుకు పాడుచెయ్యడం, చెవి ఎక్కడో దొరుకుతుందిలే" అని ఆపింది. అందుకే ఇన్నాళ్ళూ మేస్త్రీ, అల్లుడు బయట నుంచి నిచ్చెన వేసుకునే ఎక్కారు. నాకు నిచ్చెనంటే కళ్ళు తిరుగుతాయి. ఈ ఇంటి డాబా నేనింకా చూడనే లేదు.

ఒక్కొక్క చెవీ పెట్టి చూశాను. ఒకటి లోపలికి వెళ్ళి తిరగలేదు. ఒకటి వెళ్ళనే లేదు. దొరికితే ఆ మనిషి నా కూతురి మొగుడు. దొరకకపోతే నేను పిచ్చిదాన్ని.

"అందులో లేదమ్మా."

కింద, మొదటి మెట్టు దగ్గర, బుల్లి నిలబడి ఉంది. స్కానింగ్ సెంటరు నుంచి అప్పుడే వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు ఇంకా తియ్యలేదు. ఆ ప్లాస్టిక్ కవరులో కార్డు వెనక వేళ్ళు దూర్చి, చిన్న ఇత్తడి తాళంచెవి తీసింది.

నేను మెట్టు మీద కూలబడ్డాను.

అది పైకొచ్చి నా పక్కన కూర్చోలేదు. రెండు మెట్లు కింద కూర్చుంది, నా మోకాళ్ళకి ఎదురుగా, చిన్నప్పుడు జడ వేయించుకోవడానికి కూర్చున్నట్టు.

"మాస్టారు చెప్పాడా?"

"నీ పేరు చెప్పలేదు. నీకంటే ఆ పరాయివాడే నయం."

"అను. అనాల్సిందే."

"ఎందుకు చేశావే?"

"ఎన్ని ఇళ్ళు చూశామమ్మా? ఒకటి ట్రాన్స్‌ఫార్మరు పక్కన ఉందన్నావు. ఒకటి మలుపులో ఉంది, లారీ వచ్చి గుద్దేస్తుందన్నావు. ఇంకోదాంట్లో ఏ వాసనా రాకపోతే, వాసన రాని గ్యాసు కూడా ఉంటుందట అన్నావు. అక్కడ ఫ్లాటులో ఒక్కదానివే ఉండి, గొళ్ళెం సరిగ్గా పడిందో లేదోనని నాకు ఫోన్ చేసి అడిగేదానివి. నేనున్న చోటికి ఆ గొళ్ళెం ఏమైనా కనిపిస్తుందా? ఈ ఒక్క ఇంట్లోనే గుమ్మం దాటి లోపలికొచ్చి, ఊరికే నిలబడి, బాగుందే అన్నావు. నీ నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆ తర్వాత మీరిద్దరూ వంటిల్లు చూస్తుంటే మాస్టారు నన్ను పైకి పిలిచి ఆ కిటికీ చూపించాడు."

"నాకు చెప్పాల్సింది."

"చెబితే కొననిచ్చేదానివా?"

"కొననిచ్చేదాన్ని కాదు. కొనకుండా ఉంటే ఇవాళ నాకో ఇల్లుండేది."

అది తల దించుకుంది. "రఫూ ఆవిడని ఒప్పించొచ్చు అనుకున్నాను. ఆవిడ పెద్దది, ఒంటరిది. మంచిగా అడిగితే కాదనదనుకున్నాను. ఒప్పించాక అందరికీ చెబుదామనుకున్నాను. ఈలోగా మా ఆయన మేస్త్రీని తెచ్చేశాడు. ఆపుదామంటే ఎందుకని అడిగితే ఏం చెప్పను?"

"అల్లుడికి తెలుసా?"

"తెలియదు. ఆయనకి అబద్ధం ఆడటం రాదు. అందుకే చెప్పలేదు."

నా బిడ్డ ఎంత తేలిగ్గా అందో ఆ మాట. లాయరమ్మ ముందు కళ్ళు పెద్దవి చేసుకుని, గుమాస్తా సరిగ్గా చూసుండడంది కూడా ఈ నోరే. దీనికి జ్వరమొస్తుందని భయపడ్డాను, రోడ్డు దాటుతుంటే భయపడ్డాను, పెళ్ళయితే భయపడ్డాను. లోకంలో ప్రతి దానికీ భయపడిన నేను దీన్ని చూసి మాత్రం ఎప్పుడూ భయపడలేదు.

"మాస్టారు మీద కేసు వేస్తున్నాం" అన్నాను. "ఏ తప్పూ చెయ్యని మనిషి మీద. నీకు తెలుసు. తెలిసీ కూర్చున్నావు."

"ఆయన నాకు చెప్పినట్టు రుజువు లేదమ్మా. నోటిమాటే. ఈ తాళంచెవి ఒక్కటే ఉంది, ఇది కూడా పారేస్తే అదీ ఉండదు." అది తలెత్తి నన్ను చూసింది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. "రేపు సంతకం పెట్టమ్మా. కొనేటప్పుడు నీకు నిజంగానే తెలియదు కదా. నువ్వు రాసేది అబద్ధం కాదు. నీ డబ్బు నీకొస్తుంది. నీ ఫ్లాటు లాంటిదే ఇంకోటి కొనుక్కుందువు."

"మా ఇంట్లో ఎవరికీ తెలియదని రాయాలే అందులో."

"అవును."

"మరి సంతకం పెట్టకపోతే?"

"ఇల్లు ఇలాగే ఉంటుంది. నువ్వు ఆ గదిలో, మేమిద్దరం హాల్లో పరదా వెనక. ఆయన అప్పు తీరేదాకా. ఎందుకు పెట్టలేదని ఆయన అడుగుతాడు. నువ్వు చెబుతావు. ఆ తర్వాత ఆయన ఈ ఇంట్లో ఉంటాడో లేదో నాకు తెలియదు."

నా చెయ్యి చాచాను. ఒక్క క్షణం తటపటాయించి తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. బుల్లి ఒంటి వేడి ఇంకా ఉంది దానికి.

లేచి తాళం తీశాను. వెన్నలా తిరిగింది. నూనె కూడా వేసి పెట్టుకుంది కాబోలు. తలుపు తోస్తే ఎండ మొహం మీద పడింది. ఊచలకి కట్టిన సంచులు పటపటలాడుతున్నాయి. వాటి మధ్యలోంచి, చెయ్యి చాచితే అందేంత దగ్గరలో, నిలువెత్తు కిటికీ. కిటికీ వెనక రఫూ ఆవిడ, ఒళ్ళో ఎవరిదో నల్లకోటు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. సూదిలోకి దారం ఎక్కిస్తోంది. మా డాబా మీదుగా వచ్చే ఆ వెలుతురులోనే ఎక్కిస్తోంది.

తలుపు చప్పుడుకి తలెత్తి నన్ను చూసి నవ్వింది.

"ఇవాళ మీరొచ్చారా వదినా? రోజూ మీ అమ్మాయేగా వచ్చేది, మీరు డ్యూటీకి వెళ్ళాక. ఇల్లు కొనకముందు కూడా ఒకసారి వచ్చింది. పాపం, చేతులు పట్టుకుని బతిమాలుతుంది. నా కళ్ళున్నంత కాలం నా వల్ల కాదమ్మా అంటే వినదు."

ఇల్లు కొనకముందు కూడా. అంటే ఈవిడ కాదనడం కూడా ముందే విని, విన్నాకే నా ఫ్లాటు అమ్మించింది. మంచిగా అడిగితే ఒప్పుకుంటుందనుకున్నానని ఇందాక మెట్ల మీద చెప్పిందీ నిజం కాదు. వెనక్కి తిరిగాను. బుల్లి గుమ్మంలో నిలబడి ఉంది. నా చూపుకి దాని మొహం తెల్లబోయింది.

రుజువు లేదంది. తాళంచెవి పారేస్తే సరిపోతుందంది. కిటికీలో సూదీ దారంతో కూర్చున్న ఈ మనిషిని ఏం చేద్దామనుకుంది?

కింద సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. అల్లుడు తన ధోరణిలో మెట్లు రెండేసి ఎక్కుతూ వస్తున్నాడు. బుల్లి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది.

"అమ్మా" అంది, పెదాలు మాత్రమే కదిలించి.

అతను తలుపు దగ్గరికొచ్చి ఆగాడు. తెరిచి ఉన్న తలుపు చూశాడు. గొళ్ళేనికి వేలాడుతున్న ఇత్తడి తాళం చూశాడు. మెట్టు మీద నేను వదిలేసిన తన గుత్తి వంగి తీసుకున్నాడు. ఆ మొహంలో నేను వెతికింది ఏదీ లేదు. ఉన్నది మాట్లాడటం రాని మనిషి సంతోషం ఒక్కటే.

"మొత్తానికి దొరికిందన్నమాట" అన్నాడు. "ఎక్కడుంది అత్తయ్యా, ఎవరి దగ్గర?"

కిటికీలో రఫూ ఆవిడ కూడా సూది ఆపి, నేనేం చెబుతానా అని చూస్తోంది.